గ్యాస్ అయిపోలేదు సార్, ముందు ఫిల్టర్ కడగండి

"అన్నా, నీళ్లు చల్లబడట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది."

పొద్దున ఆరింటికి నా ఫోన్ మోగిందంటే అవతల ఎవరో ఒక జిమ్ మేనేజర్ ఉంటాడు, ఈ మాటే అంటాడు. పదిహేడేళ్లుగా ఫ్రిజ్‌లు, ఏసీలు, చేపల కోల్డ్ రూములు, స్వీట్ షాపుల డిస్‌ప్లే కౌంటర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. హైదరాబాద్‌లో కొండాపూర్, నల్లగండ్ల వైపు జిమ్ముల్లో ఈ ఐస్ బాత్ తొట్లు, అంటే వర్కౌట్ చేసినవాళ్లు మెడదాకా మునిగి కూర్చునే చల్లనీళ్ల తొట్లు, వచ్చి పడ్డాక నా పనిలో వాటికో వాటా వచ్చింది. ఇప్పుడు నాలుగు చోట్ల నెలవారీ మెయింటెనెన్స్ నాదే. వీటి గురించి తెలుగులో రాసినవాళ్లు నాకెక్కడా కనిపించలేదు కాబట్టి, చేతులు కాలిన సంగతులన్నీ ఒకచోట పెడదామని కూర్చున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక ఉంటేనే చదవండి.

ముందు ఆ గ్యాస్ సంగతి తేల్చేద్దాం. మనవాళ్లకి గ్యాస్ అనగానే వంటింట్లో సిలిండర్ గుర్తొస్తుంది, నెలా రెణ్ణెల్లకి అయిపోతుంది, బుక్ చేస్తే ఇంకోటి వస్తుంది. చిల్లర్‌లో, అంటే తొట్టి నీళ్లని చల్లబరిచే మెషిన్‌లో, గ్యాస్ అలా ఖర్చయ్యే సరుకు కాదు. ఒంట్లో రక్తంలాగా అదే తిరుగుతూ ఉంటుంది, ఎక్కడైనా కారితే తప్ప తగ్గదు. కారితే ఆ జాయింట్ దగ్గర నూనె మరక కనబడుతుంది, సబ్బు నురగ పెడితే బుడగ లేస్తుంది. ఆ లీకు పట్టుకోకుండా గ్యాస్ కొట్టి డబ్బులు తీసుకుని వెళ్లిపోయే మెకానిక్ మళ్లీ మూడు నెలలకి మీ గుమ్మంలోనే ఉంటాడు, మీకూ అతనికీ మంచి అనుబంధం ఏర్పడుతుంది. నా దగ్గరికి "గ్యాస్ అయిపోయింది" అని వచ్చిన ఐస్ బాత్ కేసుల్లో నిజంగా గ్యాస్ తగ్గినవి ఒక చేతి వేళ్లకి సరిపోతాయి.

మరి చల్లబడకపోవడానికి ఏమిటి కారణం అంటే, ఒక్కోసారి అసలు ఏ కారణమూ ఉండదు, లెక్క చూసుకోకపోవడమే. వెయ్యి లీటర్ల తొట్టి అనుకోండి. కుళాయి నీళ్లు 30 డిగ్రీలు, మీకు కావలసింది 8. అంటే 22 డిగ్రీలు దించాలి, వెయ్యి కిలోల నీళ్లలోంచి సుమారు 25.6 యూనిట్ల వేడి బయటికి లాగాలి (కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, కిలోవాట్ అవర్). ఒక టన్ను చిల్లర్ గంటకి లాగేది మూడున్నర యూనిట్లు. భాగిస్తే ఏడు గంటల పైచిలుకు, అదీ మూత పెట్టి, ఎవరూ దిగకుండా, బయట వేడి లోపలికి రాకుండా ఉంటే. పైగా నీళ్లు చల్లబడేకొద్దీ, బయట ఎండ పెరిగేకొద్దీ చిల్లర్ సత్తా తగ్గుతూ పోతుంది కాబట్టి చివరి నాలుగు డిగ్రీలు మొదటి పదికంటే ఏడిపిస్తాయి. రాత్రి పదింటికి నీళ్లు మార్చి తెల్లారి ఐదింటికి 8 డిగ్రీలు రాలేదని నన్ను తిట్టినాయన ఒకాయన ఉన్నాడు. కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే, "మరి అమ్మినవాడు ఒక హెచ్‌పీ అన్నాడే" అన్నాడు. హెచ్‌పీ అనేది కంప్రెసర్ మోటారు సైజు, టన్ను అనేది చల్లబరిచే శక్తి, రెండూ వేరు. అమ్మేటప్పుడు పెద్దగా వినబడే అంకె చెబుతారు, అంతే.

ఇక్కడ చిన్న పిట్టకథ. టన్ను అనే కొలతే ఐసులోంచి పుట్టింది. 24 గంటల్లో ఒక టన్ను ఐసు కరగడానికి ఎంత వేడి కావాలో అది ఒక టన్ను, అదీ అమెరికా టన్ను, 907 కిలోలు. చిల్లర్ పాడైన రోజు ఐసు వేసి సర్దుకుందాం అనుకునేవాళ్లకి కూడా చెబుతున్నాను, పైన చెప్పిన వెయ్యి లీటర్లని 30 నుంచి 8కి దించాలంటే 250 కిలోల ఐసు పడుతుంది. 50 కిలోల దిమ్మలు ఐదు. ఆదివారం పొద్దున ఆటోలో గోనెసంచులు కప్పి తెప్పించాం ఒకసారి. దిమ్మలు పగలగొట్టి వేసేసరికి తొట్టి పొంగి, కింద రబ్బరు మ్యాట్లన్నీ తేలాయి. ఐసు వేసే ముందు 250 లీటర్ల నీళ్లు తీసెయ్యాలని ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

సరే, అసలు జబ్బుల్లోకి వద్దాం. పదింటిలో ఏడు సార్లు జబ్బు నీళ్లు పారకపోవడమే. పంపు నీళ్లని తొట్టిలోంచి లాగి, ఫిల్టర్ గుండా, చిల్లర్ గుండా తిప్పి మళ్లీ తొట్టిలోకి పంపుతుంది. ఈ పరుగు తగ్గితే చిల్లర్ ఎంత బాగున్నా లాభం లేదు. ఫిల్టర్ నిండిపోవడం, పంపుకి గాలి పట్టడం, ఎవరో సగం మూసిన వాల్వు మర్చిపోవడం, పంపు నీళ్లు లాగే చోట ఉండే సక్షన్ జాలీకి వెంట్రుకలు చుట్టుకోవడం, అన్నీ ఒకే ఫలితం. నీళ్లు తొట్టిలోకి తిరిగొచ్చే రిటర్న్ పైపు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. కొత్తలో నీళ్లు చేతిని నెట్టేవి, ఇప్పుడు ముసలాయన ఊదినట్టు వస్తున్నాయంటే గ్యాస్ ఒత్తిడి చూసే గేజ్ సెట్టు బండిలోంచి దించక్కర్లేదు.

ఒక జిమ్‌లో ఫిల్టర్ వారానికోసారి మార్చినా మూడో రోజుకే మూసుకుపోయేది. మేనేజర్ కుర్రాడు ఫోన్‌లో ఫోటో పంపాడు, ఫిల్టర్ మడతల మధ్య తెల్లగా, గింజలు గింజలుగా, సగ్గుబియ్యం ఉడికీ ఉడకనట్టు ఏదో ఉంది. ఫంగస్ అన్నాడు. ఎవరో క్లోరిన్ పొడి కరగలేదన్నారు. కార్ట్రిడ్జ్ బయటికి తీసి ఆ తెల్లగింజని రెండు వేళ్ల మధ్య నలిపాను. మెత్తగా జారింది, రెండు క్షణాల్లో మాయమైంది, వేళ్లు జిడ్డుగా మెరిశాయి. వాసన చూస్తే మా అమ్మ తల అంటే నమ్మండి. కొబ్బరినూనె! 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే సరుకు, చలికాలం సీసాలో ఎలా పేరుకుంటుందో అందరికీ తెలుసు. తలకి నూనె రాసుకుని పొద్దున్నే వర్కౌట్‌కి వచ్చేవాళ్లు అలాగే 10 డిగ్రీల నీళ్లలో మునిగితే ఆ నూనె ఏమవుతుంది? పూసలు పూసలుగా గడ్డకట్టి, నేరుగా ఫిల్టర్లోకి పోతుంది. విదేశీ మాన్యువల్‌లో సన్‌స్క్రీన్ గురించి ఉంటుంది, లోషన్ గురించి ఉంటుంది, మన తలనూనె సంగతి వాళ్లకేం తెలుసు.

ఇలాంటి ఫిల్టర్‌ని చల్లటి పైపు నీళ్లతో ఎంత కొట్టినా ఆ గింజలు మడతల్లోకి ఇంకా లోతుకి పోతాయి. గోరువెచ్చని కంటే కొంచెం ఎక్కువ వేడి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పైన జిడ్డు తెట్టెలా తేలి ఉంటుంది. అప్పుడు మడత మడతకీ నీళ్లు కొట్టి, సబ్బు అంతా పోయేదాకా కడిగి ఆరబెట్టాలి. సబ్బు మిగిలితే తొట్టిలో నురగ, అది ఇంకో తలనొప్పి. సున్నం పట్టిందని యాసిడ్‌లో ముంచేవాళ్లు జిడ్డు వదిలాకే ఆ పని చెయ్యాలి, లేకపోతే జిడ్డు లోపలే బిగుసుకుపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, క్లోరిన్ తడి ఉన్న ఫిల్టర్ మీద బాత్రూమ్ యాసిడ్ ఎప్పుడూ పొయ్యొద్దు. క్లోరిన్ వాయువు లేస్తుంది, చిన్న గదిలో అయితే ఆసుపత్రే. రెండు ఫిల్టర్లు కొనిపెట్టుకుని ఒకటి తొట్టిలో, ఒకటి ఎండలో ఆరుతూ ఉండాలన్నది నేను అందరికీ చెప్పేది. తొట్టిలో దిగే ముందు సబ్బుతో స్నానం తప్పనిసరి అని బోర్డు పెట్టించాను. బోర్డు చూసి స్నానం చేసేవాళ్లు సగం మంది, ఆ సగం మంది వల్లే ఫిల్టర్ ఇప్పుడు ఎనిమిది రోజులు వస్తోంది.

నీళ్లు పారడం తగ్గినప్పుడు మంచి చిల్లర్ అయితే తనంతట తను ఆగి ఫ్లో ఎర్రర్ చూపిస్తుంది. పైపులో ఫ్లో స్విచ్ అని చిన్న రెక్క ఉంటుంది, నీళ్లు నెడితే వంగుతుంది, నెట్టకపోతే నిలబడి కంప్రెసర్‌ని ఆపేస్తుంది. ఆ ఎర్రర్ వచ్చినప్పుడు ఎవరికైనా రావలసిన ఆలోచన నీళ్లు ఎందుకు పారట్లేదని. కానీ ఇంకో జిమ్‌కి నాకంటే ముందు వెళ్లిన మెకానిక్ ఏం చేశాడంటే, స్విచ్ రెండు వైర్లూ పీకి మెలేసి టేపు చుట్టాడు. ఎర్రర్ పోయింది. అందరూ సంతోషించారు. అదే వారంలో యజమాని రీల్ కోసం నీళ్లు 3 డిగ్రీలు చెయ్యమన్నాడట.

నన్ను పిలిచేసరికి కథ అయిపోయింది. ఆ మెషిన్‌లో ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్, అంటే సన్నటి స్టీలు పలకలు పేర్చి అతికిన ఇటుకలాంటి డబ్బా, ఒక పలక పక్కన గ్యాసు, దాని పక్కన నీళ్లు. నీళ్లని 3 డిగ్రీలకి తేవాలంటే గ్యాస్ వైపు సున్నా కంటే కింద ఉండాలి. నీళ్లు గబగబా పారుతున్నంతసేపు గడ్డకట్టే తీరిక ఉండదు. ఫిల్టర్ నిండి పరుగు తగ్గాక ఆ సందుల్లో నీళ్లు ఐసయ్యాయి, ఐసు ఉబ్బింది, పలక చీలింది. గ్యాస్ బయటికి పోయి ఒత్తిడి పడిపోయాక నీళ్లు గ్యాస్ లైన్లోకి వెళ్లాయి. నేను సర్వీస్ వాల్వు తిప్పితే గ్యాస్ బదులు మజ్జిగ వచ్చింది, కంప్రెసర్ నూనె నీళ్లతో కలిసి చిలికినట్టు తెల్లటి మజ్జిగ. పది సెకన్లు చూస్తూ కూర్చున్నాను. ఎక్స్ఛేంజర్, కంప్రెసర్, డ్రయ్యర్, లోపల పైపులన్నీ నైట్రోజన్‌తో ఊది, వ్యాక్యూమ్ పెట్టి, ఎన్ని చేసినా నమ్మకం లేని పని. కొత్త మెషినే కొనుక్కోమన్నాను. ఆ బిల్లంతా చూస్తే, మూల కారణం ఒక ఫిల్టర్ కడగకపోవడం, రెండించుల వైరు ముక్క.

టైటానియం కాయిల్ ఉన్న మెషిన్లలో ఈ ప్రమాదం తక్కువే, క్లోరిన్‌ని కూడా అది బాగా తట్టుకుంటుంది, కొనేవాళ్లు నన్నడిగితే అదే తీసుకోమంటాను. అయినా వాటిలో కూడా ఫ్లో స్విచ్ జోలికి పోవద్దు.

పరుగు తగ్గిందని పెద్ద పంపు పెట్టేసే మహానుభావులు కూడా ఉన్నారు. అర హెచ్‌పీ పంపు తీసి ఒక హెచ్‌పీ బిగించారు ఒకచోట, నీళ్లు జోరుగా తిరిగాయి, కానీ తొట్టి 9 దగ్గరికి వచ్చి అక్కడే మొండికేసింది. పంపు తినే కరెంటులో చాలా భాగం చివరికి వేడిగా మారి ఆ నీళ్లలోకే చేరుతుంది. 24 గంటలూ తిరిగే పంపు అంటే చిన్న సైజు వాటర్ హీటర్‌ని తొట్టిలో పెట్టి ఉంచినట్టే. పాత పంపు బిగించి, ఫిల్టర్ హౌసింగ్ ఒక సైజు పెద్దది పెట్టాం, సర్దుకుంది.

రెండో పెద్ద జబ్బు గాలి. నీళ్లలోంచి లాగిన వేడిని చిల్లర్ ఎక్కడో పారబొయ్యాలి కదా, వెనక కండెన్సర్ గుండా ఫ్యాను అందుకే. అందం కోసం దానికి ప్లైవుడ్ అలమార కట్టించి తలుపులు పెడతారు. పోయిన మే నెలలో ఒక చోట మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలు మెషిన్ ట్రిప్పవుతోందని పిలిచారు, ఇదివరకు వచ్చినాయన రెండుసార్లు గ్యాస్ మార్చాడట. అలమార తలుపు తీస్తే ముఖం మీద ఇటుకబట్టీ సెగ. థర్మామీటర్ పెడితే ఫ్యాను పీల్చుకునే గాలే 52 డిగ్రీలుంది, తను వదిలిన వేడినే తను మళ్లీ మింగుతోంది. తలుపులు ఊడబీకి పక్కన పెట్టాను. ఇంటీరియర్ చేసినాయన అలిగాడు. కండెన్సర్ రెక్కల నిండా జిమ్‌లో టవళ్ల దూది, చేతులకి రాసుకునే చాక్ పొడి, మెత్తటి బ్రష్షు పెట్టి దులిపి, బ్లోయర్‌తో లోపలి వైపు నుంచి బయటికి కొట్టాను. ఆ రోజు సాయంత్రం నుంచి ట్రిప్పు లేదు. అరగంట పని. ఇలా గ్యాస్ ఒత్తిడి పెరిగి హై ప్రెజర్ కట్ అయిన ప్రతిసారీ రీసెట్ నొక్కుతూ పోతే మాత్రం కంప్రెసర్ ఒకనాడు నొక్కినా లేవదు.

కరెంటు సంగతి ఒక్కటే చెబుతాను. పెద్ద చిల్లర్లలో త్రీ ఫేజ్ స్క్రోల్ కంప్రెసర్ ఉంటుంది. గాలివాన తర్వాత లైన్ బాగుచేశారు, కరెంటు వచ్చింది, లైట్లన్నీ వెలిగాయి, ఐస్ బాత్ మాత్రం చల్లబడలేదు. వెళ్లి చూస్తే కంప్రెసర్ నడుస్తోంది గానీ లోపల గులకరాళ్లు పోసి గిలక్కొట్టినట్టు మోత, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెడితే ఆంపియర్లు మామూలు కంటే బాగా తక్కువ, గేజ్‌లో రెండు ముళ్లూ ఒకదానికొకటి దగ్గరగా నిలబడ్డాయి. ఫేజులు తారుమారై కంప్రెసర్ వెనక్కి తిరుగుతోంది. స్క్రోల్ వెనక్కి తిరిగితే గ్యాస్‌ని నొక్కదు, ఊరికే అరుస్తుంది. మెయిన్ ఆపి రెండు ఫేజులు అటూ ఇటూ మార్చాను, ఐదు నిమిషాలు. ఫేజ్ తప్పితే మెషిన్‌ని లేవనివ్వని రిలే ఒకటి దొరుకుతుంది, అది పెట్టించుకోమన్నాను. ఐదు నిమిషాల పనికి అంత బిల్లా అని మేనేజర్ గొణిగాడు. ఎక్కడ ఐదు నిమిషాలు పెట్టాలో తెలియడానికే పదిహేడేళ్లు పట్టిందయ్యా అని మనసులో అనుకున్నాను, బయటికి మాత్రం టీ తాగుదాం పద అన్నాను.

డిస్‌ప్లే మీద అంకెని కూడా గుడ్డిగా నమ్మకండి. స్క్రీన్ మీద 6 అని ఉంటుంది, దిగినవాళ్లు "ఇదేం చలి, మా ఊరి బావి నీళ్లు నయం" అంటారు. సెన్సర్ దాని గూట్లోంచి జారి చల్లటి పైపుకి ఆనుకుని ఉండొచ్చు, తడి తగిలి రీడింగ్ మారి ఉండొచ్చు. పరీక్షకి ల్యాబ్ అక్కర్లేదు. స్టీలు గ్లాసు నిండా పగలగొట్టిన ఐసు వేసి, సందులు నిండేదాకా కొంచెమే నీళ్లు పోసి, బాగా కలిపి సెన్సర్ ముంచండి, ఐదు నిమిషాల్లో సున్నా దగ్గర నిలబడాలి. మల్టీమీటర్ ఉన్నవాళ్లకి, ఈ మెషిన్లలో ఎక్కువగా వాడేది 10 కిలో ఓమ్‌ల రకం, 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, 10 డిగ్రీల దగ్గర దాదాపు 20, ఐసు గ్లాసులో 32 దాకా చూపిస్తుంది. దీనికి చాలా దూరంగా ఉంటే సెన్సర్ మార్చెయ్యడమే, ఖరీదు సినిమా టికెట్టంత.

నీళ్లు శుభ్రంగా ఉంచడం నా పని కాదని మొదట్లో తప్పించుకునేవాణ్ణి. కానీ జిగురు పట్టిన పైపులు విప్పాల్సింది నేనే అని తెలిశాక నేర్చుకున్నాను. చల్లగా ఉన్నాయి కదా, అద్దంలా కనబడుతున్నాయి కదా, నీళ్లెందుకు పాడవుతాయి అంటారు. చలికి క్రిములు చావవు, నెమ్మదిస్తాయంతే. ఫ్రిజ్‌లో పెట్టిన పప్పు నాలుగో రోజు తింటారా? తొట్టి గోడ మీద వేలు రాసి చూడండి, జారితే పైపుల్లో అంతకు పదింతలు ఉందని లెక్క. క్లోరిన్ కూడా చల్లటి నీళ్లలో మెల్లగా పనిచేస్తుంది. నేను పెట్టించేది పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య, క్లోరిన్ 2 నుంచి 3 పీపీఎం, పొద్దున జిమ్ తెరవగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి స్ట్రిప్‌తో చూసి గోడ మీద కాగితంలో రాయాలి. ఒక కుర్రాడు ఊళ్లో బావిలో చల్లినట్టు బ్లీచింగ్ పౌడర్ దోసిలితో చల్లాడు, తొట్టి అడుగున సున్నం ముద్ద, ఫిల్టర్ నిండా సుద్ద. ద్రవంగా దొరికే సోడియం హైపోక్లోరైట్, కరోనా రోజుల్లో వీధుల్లో పిచికారీ చేశారే, అది కొలిచి, ఎవరూ లోపల లేనప్పుడు, పంపు తిరుగుతుండగా పొయ్యాలి.

ఓజోన్, యూవీ ఉన్నాయి కదా క్లోరిన్ ఎందుకు అని అడుగుతారు. యూవీ తన ముందు నుంచి పోయే నీళ్లనే శుభ్రం చేస్తుంది, తొట్టిలో ఇప్పుడే ఒకడు దగ్గితే దానికి తెలియదు. పైగా ఆ ల్యాంపు వెలుగుతూనే ఉంటుంది గానీ ఏడాది తిరిగేసరికి, సుమారు 9000 గంటల తర్వాత, సత్తువ పోతుంది. దాని చుట్టూ ఉండే గాజు గొట్టానికి మన బోరు నీళ్ల ఉప్పు పొరకడితే ఆ ఏడాది కూడా ఆగదు. బోరు నీళ్ల గురించి ఒక విచిత్రం, గీజర్‌లో కట్టినంత గార ఐస్ బాత్ పైపుల్లో కట్టదు. వేడెక్కితే సున్నం బయటపడుతుంది, చల్లబడితే నీళ్లలోనే కరిగి ఉంటుంది. అందుకే చల్లటి నీళ్ల దగ్గర గారకంటే తుప్పుకే ఎక్కువ భయపడాలి, మామూలు స్టీలు స్క్రూలు ఆరు నెలల్లో బెల్లం రంగుకి తిరుగుతాయి.

నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలి అన్నదానికి అమెరికా స్పాల వాళ్ల పాత లెక్క ఒకటి ఉంది. తొట్టి పట్టే నీళ్లని గ్యాలన్లలో తీసుకుని మూడుతో భాగించి, రోజుకి దిగేవాళ్ల సంఖ్యతో మళ్లీ భాగిస్తే ఎన్ని రోజులో వస్తుంది. వెయ్యి లీటర్లంటే 264 గ్యాలన్లు, మూడో వంతు 88. రోజుకి పాతికమంది దిగితే మూడున్నర రోజులు! నెలకోసారి మార్చే యజమానికి ఇది చెబితే గుండె పట్టుకున్నాడు, కరెంటు బిల్లు ఎక్కడికి పోతుందని. మళ్లీ కాగితం తీశాను. 25.6 యూనిట్ల వేడి లాగడానికి అన్ని యూనిట్ల కరెంటు కాలదు, చిల్లర్ వేడిని మోసుకుపోతుంది కాబట్టి అందులో సగంలోపే పడుతుంది. పంపుతో కలిపి, అన్ని నష్టాలూ వేసుకుని 15 యూనిట్లు అనుకుందాం, యూనిట్ పది రూపాయల లెక్కన 150. "అంతేనా?" అన్నాడు. అంతే సార్, మీరు రిసెప్షన్‌లో పెట్టిన ఫ్లేవర్ కాఫీ ఒక్కటి. ఇప్పుడు వారానికి రెండుసార్లు మారుస్తున్నారు. ఫ్లేవర్ కాఫీ సంగతి కొంచెం గట్టిగా అన్నానేమో అని తర్వాత అనిపించింది.

ఎంత చల్లగా పెట్టాలి అని నన్నడుగుతారు, నేను డాక్టర్ని కాదు. 10 నుంచి 15 మధ్య పెట్టి వదిలేస్తాను, మెషిన్‌కీ హాయి, మనిషికీ హాయి. మొదటిసారి దిగినవాళ్లకి తొలి అర నిమిషంలో ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది, ఆ సమయంలో పక్కన మనిషి లేకుండా ఎవర్నీ దింపొద్దు, బీపీ, గుండె జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు దిగొద్దు. 3 డిగ్రీలు, 2 డిగ్రీలు అనేది ఫోన్ కెమెరా కోసమే.

చివరిగా, రాయాలా వద్దా అని ఆలోచించిన సంగతి. మొన్న వానాకాలం ఒక కొత్త జిమ్ నుంచి ఫోన్, యథాప్రకారం గ్యాస్. వెళ్లి ముందు పంపు చూశాను. మోటారుకీ నీటి భాగానికీ మధ్య ఉండే సీలు పోయింది, షాఫ్ట్ వెంట చుక్క చుక్కగా కారుతున్న నీళ్లు నేరుగా మోటారు లోపలికి పోతున్నాయి, కింద తుప్పు నీళ్ల చార. ఇంత తడి ఉంటే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్, ఎప్పుడో పడిపోవాలి కదా అని బోర్డు తెరిచాను. ఉంది, 30 మిల్లీ ఆంపియర్లది, మంచిదే. కానీ దాని పై వైర్లూ కింది వైర్లూ కలిపేసి, డబ్బాని మాత్రం అలంకారానికి వదిలేశారు. మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్ చేసిన వైద్యం అట. ఆ తొట్టిలో అప్పుడు ఇద్దరు కుర్రాళ్లు మెడదాకా మునిగి, కళ్లు మూసుకుని, లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

మెయిన్ ఆపేశాను. లోపల పాటలు, ట్రెడ్‌మిల్లులు, లైట్లు అన్నీ ఆగిపోయాయి, అది జిమ్ మొత్తానికీ మెయిన్ అని నాకు తెలియదు. కుర్రాళ్లని బయటికి రమ్మన్నాను, ఇంకా 40 సెకన్లు ఉంది అంకుల్ అన్నాడు ఒకడు. వాళ్లు వచ్చాక తొట్టి లైను విడదీసి, వైరు చివరలకి టేపు వేసి, మిగతా జిమ్‌కి కరెంటు ఇచ్చాను. మేనేజర్ మొహం ఎర్రగా అయింది, పొద్దున పీక్ టైమ్, మెంబర్లు గోల చేస్తున్నారు, "చల్లబడట్లేదని పిలిస్తే మొత్తం ఆపేస్తావేంటన్నా, ఒక్క గ్యాస్ కొట్టి వెళ్లొచ్చుగా" అన్నాడు. ఆర్‌సీసీబీ సరిగ్గా కలిపి, ఎర్తింగ్ చూపించి, పంపు సీలు మార్చేదాకా నేను దీనికి కరెంటు ఇవ్వను, వేరేవాళ్లతో ఇప్పించుకుంటే మాత్రం నేను చూసింది మీ ఓనర్‌కి ఫోటోలతో పంపుతాను అన్నాను. విజిటింగ్ ఛార్జీ కూడా అడగకుండా వచ్చేశాను, అడిగే మూడ్ లేదు.

మూడో రోజు సాయంత్రం ఓనర్ గారే చేశారు. కొత్త ఆర్‌సీసీబీ పెట్టించారట, ఎర్త్ గొయ్యి కొత్తగా తవ్వించారట, పంపు సీలు మాత్రం దొరకలేదట. రాణిగంజ్‌లో దొరుకుతుంది, పాతది పట్టుకెళ్లి సైజు చూపించమనండి అన్నాను. సరే అని పెట్టబోతూ ఆగి అడిగారు.

"మేస్త్రీ, ఇంతకీ గ్యాస్ ఉన్నట్టా, లేనట్టా?"